అవ్వ బస్సెక్కిన బండ

పుంగనూరులో మా వీధి చివరి బస్టాపులో నిలబడితే ఇప్పటికీ పసుపు, కర్పూరం, డీజిలు పొగ కలగలిసిన ఒక వాసన ముక్కుకు తగులుతుంది. బస్సు కోసం వచ్చినవాళ్లలో సగం మంది అక్కడి గుడికి మొక్కుతుంటారు, మిగతా సగం ఫోన్లు చూసుకుంటుంటారు. నాకు మోకాళ్ల నొప్పి, దానికి తోడు ఓపిక తక్కువ. ఆ వాసన రాగానే మా అవ్వ గుర్తొస్తుంది, ఆ వెనకే ఒక బట్టలుతికే బండ గుర్తొస్తుంది. ఆ ఇద్దరి సంగతి తెలిసినవాళ్లం మా వీధిలో ఇక ఎక్కువమంది లేము.

డెబ్బైల చివర, నేను లంగా జాకెట్టు వేసుకుని బడికి పోయే రోజుల్లో, మదనపల్లె బస్సు మెట్టు అవ్వ నడుము దాకా ఉండేది. పుంగనూరు ఆవులు పొట్టివని లోకమంతా చెప్పుకుంటుంది. మా వీధి ముసలివాళ్లు వాటికి తోబుట్టువులే. అవ్వ చెల్లెలు, మా చిన్నవ్వ, మదనపల్లెలో కూతురింట్లో మంచాన పడి ఉండేది. ఆ తోడబుట్టినవాళ్లలో మిగిలింది ఆ ఇద్దరే. మంచు పడే నెలల్లో అనపకాయలు ఒలిచి, గింజలు నానబెట్టి, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని ఒక్కొక్క గింజా పితికి, ఎనుములపాల నెయ్యితో తిరగమోత పెట్టి వండిన పితికిపప్పు చిన్నవ్వకు ప్రాణం. అవ్వ దాన్ని గిన్నెలో పోసి, పైన అరిసెల్లాంటి నిప్పట్లు పెట్టి, గుడ్డతో మూటగట్టి బస్టాపుకు పోయేది. అక్కడ పైవాళ్లు లాగాలి, కిందివాళ్లు నెట్టాలి. "నేనేమన్నా శెనిక్కాయల మూటనా, ఎత్తి యేసేదానికి?" అని గిన్నెతో సహా వెనక్కి వచ్చేసేది. ఆ పప్పు మేం తినేవాళ్లం. మేం తింటున్నంతసేపూ అవ్వ గోడ వైపు తిరిగి కూర్చునేది.

బస్టాపులో సోడాలమ్మే మునెప్ప ఇదంతా ప్రతిసారీ చూసేవాడు. ఒకరోజు తన పెరట్లోని బట్టలుతికే బండను పక్కింటివాళ్ల సాయంతో గడ్డపారలేసి దొర్లించుకొచ్చి, బస్సు ఆగేచోట గులకరాళ్లు పరిచి కదలకుండా కూర్చోబెట్టాడు. తలుపు సరిగ్గా బండ దగ్గరికి వచ్చేలా బస్సు ఆపమని డ్రైవరుకు చెప్పి ఒప్పించాడు. బస్సు ముందుకు పోయిందంటే అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని "ఎనక్కి తియ్యప్పా" అనేది, బస్సు బస్సంతా నవ్వుతుండగా ఆయన వెనక్కి తీసేవాడు. ఇల్లు కదలని ముసలివాళ్లు పలమనేరు సంతకు, మదనపల్లె ఆస్పత్రికి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పోయి వచ్చారు. బస్సు లేనప్పుడు ఆ బండ మీద మేం అచ్చనగాయలాడేవాళ్లం. ఆ చలికాలమంతా చిన్నవ్వ పితికిపప్పు తిన్నది.

తర్వాతి వానల్లో మా పాడు కాలం వచ్చింది. దిగువకు వస్తున్న బస్సుకు బ్రేకులు పడలేదు. సోడా అంగడి ముందు నిలబడ్డ జనం మీదికి రావలసింది, చక్రం బండకు తగిలి ఆగిపోయింది. డ్రైవరు దిగి, బండకు టెంకాయ కొట్టి పసుపు కుంకుమ పెట్టాడు. శుక్రవారానికి దీపం వచ్చింది, ఉగాదికి పట్టుగుడ్డ, ఓళిగల నైవేద్యం వచ్చాయి, మా అచ్చనగాయలు ఎవరో విసిరి పారేశారు. "మొన్నటిదాకా దీని మింద మా ఇంట్లో గోచీలుతికినారప్పా!" అని మునెప్ప మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? ఆయన పట్టు వదలకుండా పక్కన ఇంకో బండ తెచ్చి వేశాడు. తెల్లారేసరికి దానికీ కుంకుమ పడింది, అమ్మవారి చెల్లెలన్నారు.

రాళ్లలో అక్కాచెల్లెళ్లు పక్కపక్కనే కూర్చున్నారు, మా ఇంటి అక్కాచెల్లెళ్లు చెరొక ఊళ్లో ఉండిపోయారు. "అమ్మవారి మింద కాలెట్ల పెట్టల్ల?" అని అవ్వ మళ్లీ గోడ వైపు తిరిగింది.

మళ్లీ మంచు కాలం వచ్చింది. అక్కను చూడాలనుందని చిన్నవ్వ కబురు పంపింది. అవ్వ తలకు పోసుకుని, గిన్నె మూట కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని ఒట్టికాళ్లతో బస్టాపుకు వచ్చింది. వంగి బండను ముట్టి కళ్లకద్దుకుంది. "తల్లీ, నా కోసరం వచ్చినదానివి నువ్వు. తప్పు కాసుకో" అని కాలు పెట్టి ఎక్కేసింది. "అపచారం!" అని ఎవరో అరిచారు. డ్రైవరు మాత్రం బస్సు పోనిచ్చాడు. సాయంత్రం అవ్వ తిరిగొచ్చి, "నా చేత్తో నాలుగు మెతుకులు తినింది" అని చెప్పి నిద్రపోయింది. అవ్వ ముఖం అంత నిమ్మళంగా ఉండడం నేను తర్వాత చూడలేదు.

ఆ మరుసటి ఏడు వానలు ముఖం చాటేశాయి, శెనిక్కాయ చేలు ఎండాయి. మా సీమలో వానలు ఎప్పుడు సరిగ్గా పడ్డాయి గనక! అయినా నింద అవ్వ పాదం మీద పడింది. బండల చుట్టూ ఇటుక గోడ, ఇనుప కటకటాలు లేచాయి. చిన్నవ్వ పోయిందని తెలిసిన రోజు నలుగురు మగవాళ్లు అవ్వను ఎత్తి బస్సులో వేశారు. శెనిక్కాయల మూట మాట అవ్వ ఎత్తలేదు.

ఇప్పుడా సోడా అంగడీ లేదు, వెనక్కి తీసే డ్రైవరూ లేడు. అమ్మవార్లకు వెండి ముఖాలు, గుడికి నున్నటి నల్లరాతి మెట్లు ఉన్నాయి. పట్టుకోవడానికి పక్కన ఒక కమ్మీ అయినా లేదు. మొన్న మదనపల్లె కంటి డాక్టరు దగ్గరికి బయలుదేరాను. బస్సు గుడి దాటి ఆగింది. మెట్టు ఆనాటి ఎత్తులోనే ఉంది.

"బిరీన ఎక్కవ్వా, టైమయితాండాది" అన్నాడు కండక్టరు.

కటకటాల లోపలికి చూశాను. కోపం రాలేదు, ఆ వయసు దాటిపోయింది, ఉత్త అలసట. తల్లీ, ఒక్కసారి బయటికి రా, కాలు పెట్టుకోవల్ల అని మనసులో మొక్కుకున్నాను. అంతలో వెనకనుంచి ఎవరో నా నడుం పట్టి బస్సులోకి ఎత్తేశారు.