తాతారావు ఎడమ కనుబొమ్మ

కామరాజు మాస్టారికి బొమ్మ కనిపిస్తే చాలు, కోపం వచ్చేసేది. క్యాలెండరు కానీ, సోడాబండి మీద నెమలి కానీ, పెళ్ళిపందిట్లో థర్మోకోల్ హంస కానీ, ఎదురుగా నిలబడి చేతికర్ర చాచి "తప్పు!" అనేవారు. గుళ్ళో గోడ మీది వినాయకుణ్ణి కూడా వదల్లేదు. కాకపోతే అక్కడ ముందు లెంపలు వేసుకుని, తరవాత "తొండం తప్పు స్వామీ!" అనేవారు.

డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యాక, రెండువేల ఆరులో, ఆ కోపం కొత్తపేటలో శ్రీకళ పెట్టిన నెట్ సెంటరుకి చేరింది. గల్ఫులో ఉన్న కోనసీమ కుర్రాళ్ళు నెట్లో ఒక గ్రూపు కట్టి, అందులో ఊరి విగ్రహాల ఫోటోలు పెట్టేవారు. మాస్టారికి టైపు రాదు. ఆయన తిట్టేవారు, శ్రీకళ కొట్టేది.

"ఇవాళ ఎవడేం కూసేడమ్మా?"

శ్రీకళ నసిగింది. "ప్రకాషండి, కువైట్ నుంచి. 'సూరిబాబు నెట్టు నాణేలూ, మాస్టారి విమర్శలూ ఒకటే సరుకు. రెండూ చేతికి దొరకవు. అడిగితే మీకర్థం కాదులే అంటారు ఇద్దరూ' అని రాసేడండి. కింద అందరూ 'ఆయ్, ఆయ్' అన్నారండి."

సూరిబాబంటే కంప్యూటర్లో తప్ప ఎక్కడా కనిపించని నాణేల్ని తెగ పొగిడి ఊరందర్నీ గొలుసు స్కీములో చేర్పిస్తున్న ఆసామీ. మాస్టారి ముక్కుపుటాలు అదిరాయి.

"కొట్టమ్మా! ఒరేయ్ ప్రకాషూ, గాడిదా! సూరిబాబు తన నాణేనికి ఒక్క వంకైనా చెప్పేడట్రా ఎప్పుడైనా? నేను ప్రాణం పెట్టుకున్న బొమ్మకే ముందు వంక చెప్తాను. వాడికి కళ్ళు మూసుకుని నమ్మేవాళ్ళు కావాలి. నాకు కళ్ళు తెరిచి చూసేవాళ్ళు కావాలి. మా ఇద్దర్నీ ఒకే గాటన కడతావా?"

"గాడిద అని నిజంగా కొట్టమంటారాండి?"

"రెండుసార్లు కొట్టు!"

సరిగ్గా అప్పుడే ఆ ప్రకాష్ తల్లి బంగారమ్మ ఫోటో పట్టుకుని లోపలికొచ్చింది. చప్పున తెర మీది తిట్లని శ్రీకళ కిందకి దించేసింది.

"అబ్బాయికి ఇది పంపాలమ్మా. వాళ్ళ నాన్న విగ్రహం, ఇంకా మట్టి మీదే ఉంది. రేపు దానికి అచ్చు తీసి పోత పోసేస్తారంట. ఆ తరవాత మార్చడం కుదరదంట."

"బాగుందండి," అంది శ్రీకళ.

"ఆయ్. అందరూ అదే అన్నారు," అంది బంగారమ్మ, ఫోటో వైపు చూడకుండా.

మాస్టారు ఫోటో లాక్కున్నారు. "తప్పు! వీడు తాతారావు కాదు!"

శ్రీకళ నాలుక్కరుచుకుంది. భర్త పోయి ఏడాది తిరగని మనిషితో అనే మాటేనా అది?

"చెయ్యి ఊపబోయే మంత్రిగారు వీడెవరు? రోజూ తాతారావు కొట్లో టీ తాగేవాణ్ణి. పంచదార ఎక్కువైందంటే ఎడమ కనుబొమ్మ ఇంతెత్తు లేచేది. ఏదీ ఆ కనుబొమ్మ?"

బంగారమ్మ బెంచీ మీద కూలబడింది. "హమ్మయ్య! మీరైనా అన్నారు మాస్టారూ. నాకూ ఎవరో పరాయి మనిషిలాగే ఉన్నాడండి. దొరబాబు గారు అంత కష్టపడి చేసేరు కదా, బాలేదని ఎలా అంటామండీ?"

"మర్యాదకి పోయి, జన్మంతా పరాయివాడికి దండ వేస్తావా? పద!"

శ్రీకళ సెంటరుకి తాళం వేసి, కెమెరా పట్టుకుని వాళ్ళ వెనకే పరుగెత్తింది. శిల్పి దొరబాబు మాస్టారి దగ్గర బొమ్మలు దిద్దినవాడే. ఆయన్ని గుమ్మంలో చూడగానే పుల్ల తీసుకుని మట్టి ముందు నిలబడ్డాడు.

"తప్పు! పైకి! ఇంకా పైకి! మూతి బిగించకు, వాడేమన్నా ప్రమాణస్వీకారం చేస్తున్నాడా?"

పొద్దు వాలే వేళకి కనుబొమ్మ లేచింది. బంగారమ్మ గభాలున చెంగు తలమీదకి లాక్కుని, "ఇదిగో, ఇదే మొహం! కూరలో ఉప్పెక్కువైతే పెట్టే మొహం! ఇక్కడ కూడా నన్ను సాధించడానికే వచ్చేవా?" అంటూ నవ్వేసింది.

ఇక బాగుందంటారని అందరూ మాస్టారి వైపు చూశారు. ఆయన చుట్టూ తిరిగి, కర్ర చాచారు. "చెవి తప్పు."

"ఉండనివ్వండి మాస్టారూ," అంది బంగారమ్మ. "ఉన్నన్నాళ్ళూ ఆ చెవితో నా మాట వినలేదు. ఇప్పుడు బాగుచేసి ఏం లాభమండీ?"

జీవితంలో మొదటిసారి మాస్టారు కర్ర దించేశారు.

ఫోటో తీసుకుని సెంటరుకి తిరిగొచ్చాక శ్రీకళ సగంలో ఆగిన జవాబు తెరిచింది. "మిగతాది చెప్పండి."

"అంతా తీసెయ్యమ్మా. 'ఒరేయ్ ప్రకాషూ, మీ నాన్న వచ్చేడు. కళ్ళు తెరిచి చూడు' అని కొట్టి, ఫోటో పంపించు."

"గాడిదలు కూడా తీసెయ్యమంటారాండి?"

మాస్టారు తెర మీదకి వంగి చూశారు.

"ఒకటి ఉంచు."