వదిన బీమాకు ఎర్రదారం

మా వీధిలో దగ్గును ఎవరూ జబ్బు కింద జమకట్టరు. ఈ సంగతి అరవై రెండేళ్లు వచ్చేదాకా నాకు తెలియలేదు. తెలిసింది కూడా ఏ వైద్యుడో చెప్తే కాదు, మా వదిన జర్మనీ ప్రయాణానికి వైద్య బీమా కొనబోయి.

వదిన అంటే మా అన్న భార్య. అందరం ఈ మరాఠీ ఊళ్లో, తెలుగు నేతవాళ్లుండే దాజీ పేట్‌లో ఒకే ఇంట్లో ఉంటాం. ముందుగదిలో చేతిమగ్గం మీద ఆమె ఇప్పటికీ గోడకు వేలాడదీసే బొమ్మలు నేస్తుంది. నెమళ్లు, ఏనుగులు, ఎవరైనా ఫోటో తెచ్చిస్తే మనిషి ముఖం. చుట్టుపక్కల అందరూ పవర్లూములకు మళ్లారు. నేనూ ముప్పై ఏళ్లు ఆ పవర్లూములు బాగుచేసే జాబర్‌గానే బతికాను. సాయంత్రాలు సభల్లో దేవుడు, దయ్యం, ముహూర్తం మీద వాదించాను. మా అన్న రెండింటికీ దూరం. "ఇంట్ల ఒకరు నేస్తరు, ఒకరు కొట్లాడుతరు, నేను చాయ్ తాగుత," అంటాడు.

పోయిన చలికాలం జర్మనీలో పదిరోజుల చేతిపనుల మేళాకు వదినకు పిలుపొచ్చింది. అక్కడ జనం ముందు కూర్చుని నేసి చూపాలి. టికెట్టు, బస వాళ్లవే. వైద్య బీమా మాత్రం ఎవరిది వాళ్లు కొనుక్కోవాలి. అది లేకపోతే వీసా రాదు. వదిన ముంబై దాటిన మనిషి కాదు. అయినా పిలుపు వచ్చిన రోజే అటక మీది సంచి దించి దులిపింది.

"భయం లేదా వదినా?" అన్నాను.

"నేను నేసినయన్నీ ఎక్కడెక్కడికో పోయినయ్. నేనొక్కదాన్నే పోలే. అవి ఏ గోడలకున్నయో ఒకసారి చూసొస్త."

బీమా సంగతి నాకు వదిలెయ్యమన్నాను. షరతులు చదవకుండా సంతకం పెట్టేవాళ్లను తిట్టడం నాకు అలవాటు. అలాంటి నేను ఫోన్‌లో నాలుగు పాలసీలు పక్కపక్కన చూసి, అన్నింట్లో చవకదాన్ని ఎంచాను. ప్రయాణం చేసే మనిషికి ముందునుంచి ఏదైనా జబ్బు ఉందా అని అడిగింది ఫోను.

వంటింటివైపు కేకేశాను. "వదినా, నీకేమన్న బీమారి ఉందా?"

"నాకేం బీమారి? గుండ్రాయి లెక్క ఉన్న!"

'లేదు' అన్నచోట వేలు పెట్టి డబ్బు కట్టేశాను. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆమె ఛాతీలో పిల్లికూతలు వినబడుతూనే ఉన్నాయి. గోడగడియారం చప్పుడు ఇంట్లోవాళ్లకు వినపడనట్టే అవీ మాకు వినపడవు.

మధ్యాహ్నాలు మా అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడతారు. వాళ్ల చేతులకు పని ఉంటుంది, చెవులకు ఉండదు. అందుకని నేను ఏళ్లుగా వాళ్లకు పేపరు చదివి వినిపిస్తాను. మర్నాడు పేపరు పక్కన పెట్టి, పాలసీ కాగితాలు మా తెలుగులోకి మార్చి చదవడం మొదలుపెట్టాను. ఎదురింటి పెద్దమ్మ అప్పుడే వదిన చేతికి నల్లదారం కట్టి, ప్రయాణం బాగా జరిగితే అమ్మవారికి కొబ్బరికాయలు కొడతానని మొక్కి వచ్చి కూర్చుంది.

"ఆస్పత్రి ఖర్చు ఇస్తరు. పన్ను నొప్పి లేస్తే ఇస్తరు. సామాను తప్పిపోతే ఇస్తరు."

"మొగడు తప్పిపోతే?" అంది నీలం నగర్ నుంచి మా వీధికి కోడలిగా వచ్చినామె.

"అది రాయలే."

"మరేం పాలసీ అన్నా అది!"

మా అన్న చాయ్ గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

"మంచు మీద జారే ఆట ఆడి కాలు ఇరిగితే ఇయ్యరు."

"అక్క ఆడుతదా ఏంది ఈ వయసుల?"

"ఆడితే ఆడుత. అక్కడ ఎవరు చూడొచ్చిన్రు?" అంది వదిన లోపలి నుంచి, మగ్గం ఆపకుండా.

"మనిషి పోతే శవాన్ని ఇంటికి చేరుస్తరు."

పెద్దమ్మ కత్తెర కింద పెట్టింది. "విమానంల తెస్తరా? బతికుండంగ నన్ను పంఢర్‌పూర్ తీస్కపోయే దిక్కు లేదు గాని!"

నవ్వులు సద్దుమణిగాక నాకు వాదం పెట్టుకోవాలనిపించింది. "పెద్దమ్మా, దారం కట్టినవ్, సరే. ఆ దారం ఆస్పత్రి బిల్లు కడుతదా?"

"నీ కంపెనీ కడుతదా?"

"కడుతది. రాసిచ్చిన్రు."

"నా అమ్మవారు పని అయినంకనే మొక్కు తీస్కుంటది. నీ కంపెనీ పని కాకముందే పైసలు గుంజుకున్నది. ఇద్దర్ల ఎవరు నమ్మకస్తులో నువ్వే చెప్పు బిడ్డా."

నలభై ఏళ్లలో ఏ పండితుడూ నన్ను ఇంత సూటిగా అడగలేదు. తర్వాతి షరతు వినమని తప్పించుకున్నాను. నా ఖర్మకు ఆ షరతు ఇలా ఉంది: ముందునుంచి ఉన్న జబ్బును చెప్పకుండా దాస్తే, ఆ జబ్బు వల్ల అయ్యే ఖర్చు ఒక్క పైసా ఇవ్వబడదు.

"మరి ఆమె పంపు సంగతో?" అంది పెద్దమ్మ.

పంపు అంటే దమ్ముకు, అంటే ఉబ్బసానికి, నోట్లో పెట్టుకుని పీల్చే మందు. వదిన మగ్గం పక్కన దారపు కండెల నడుమ ఒక నీలిరంగు పంపు ఎప్పుడూ ఉంటుంది. నేను పాలసీలో 'లేదు' అన్నచోటు మళ్లీ చూశాను. నీలం నగర్ కోడలు నన్ను కాపాడబోయింది.

"దమ్ము జబ్బెట్లయితది పెద్దమ్మా? నీకు లేదా, నాకు లేదా? దూది పీల్చే ఇంట్ల అందరికుంటది."

"తంబాకు ఇంట్ల గూడ," అంది ఇంకొకామె, సాక్ష్యంగా రెండుసార్లు దగ్గి.

"తెల్లెంటికలు బీమారియా? ఇది గూడ గంతే," అంది నీలం నగర్ కోడలు.

నాకు కోపం వచ్చింది. వాళ్ల మీద కాదు. పదిమంది నమ్మినంత మాత్రాన నిజమైపోతుందా అని సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి, పదిమందికీ ఉన్నంత మాత్రాన జబ్బు కాకుండా పోతుందా అని ఒక్కనాడూ అడగలేదు. మూఢనమ్మకం గుమ్మానికి వేలాడే నిమ్మకాయలోనే ఉంటుందనుకున్నాను. అది మా ఇంట్లో, మగ్గం పక్కన కూర్చుని కూతలు పెడుతోంది. లేచి నిలబడి ఆ మాటే గట్టిగా అన్నాను. దూది మన ఊపిరితిత్తుల్లోకి పోవాలని ఏ తలరాతలోనూ రాసిలేదు, మన కార్ఖానాలకు కిటికీలు పెట్టనందుకు పోయింది, అలవాటైన బాధను ఒంటితత్వం అనుకోవడమే అన్నింటికంటే పాత గుడ్డితనం అన్నాను. ఆ కాగితం ఇప్పుడే రద్దు చేసి, ఉన్నదున్నట్టు రాసి కొత్తది తీసుకుందామన్నాను.

లోపల మగ్గం ఆగింది. వదిన గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"రాయకు."

"వదినా..."

"దమ్ము మనిషని రాస్తే బీమా ఇయ్యరు. బీమా లేకుంటే వీసా లేదు. వాళ్లు ఇంకొకరిని పిలుచుకుంటరు. నాకు మల్ల పిలుపొస్తదా?"

"రాయకుండ పోయి, ఆ చలిల ఊపిరి ఆడకుంటే?"

"పంపు ఉన్నది గద."

ఆమె కళ్లలో నీళ్లు చూసి నేను కాగితాలు మడిచేశాను. ఆ తర్వాత మూడు రోజులు మాకు మాటల్లేవు. నా చాయ్‌లో పాలు తగ్గాయి, చక్కెర పూర్తిగా పోయింది. "వాదన గెలిచినవ్, చాయ్ ఓడినవ్," అన్నాడు అన్న.

ఆ మూడు రోజుల్లో నేను భవాని పేట్‌లో బీమా పనులు చూసే ఒక తెలుగామె దగ్గరికి వెళ్లొచ్చాను. ఆమె నా పాలసీ చూసి నాలుక కరుచుకుంది.

"కాకా, ఇది పాత జబ్బుకు అసలే పనికి రాదు. పాత జబ్బు ఆడ సడన్‌గా తిరగబెడితే ఖర్చిచ్చే పాలసీ వేరే ఉన్నది. జర ఖరీదు ఎక్కువ. డాక్టర్ కాగితం పెట్టాలె. వాళ్లు చూసి అవునంటరో కాదంటరో, నక్కీ, పక్కాగ చెప్పలేను."

"కాదంటే?"

"ఇంకో కంపెనీని అడుగుదాం. కాని రాయకుంట పోతే మాత్రం కాకా, మీ చేతుల కాగితం ఉంటది, బీమా ఉండది."

నాలుగోరోజు సాయంత్రం వదిన మేళా కోసం నేసిన నెమలి బొమ్మను మగ్గం మీంచి దించింది. మాటల్లేకపోయినా రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి కాబట్టి నన్ను పిలిచింది. బట్టను వెలుతురుకు పట్టి, వేళ్లతో పైనుంచి కిందికి తడుముతూ వచ్చింది. నెమలి మెడ దగ్గర వేళ్లు ఆగాయి. అక్కడ ఒక పోగు తప్పింది. జానెడు ఎర్రదారం తీసి, సరిగ్గా ఆ వరసకు ఎదురుగా బట్ట అంచుకు కట్టసాగింది. తప్పు పడ్డచోట అంచుకు ఎర్రదారం కట్టడం మా నేతపనిలో మర్యాద. కొనేవాడు ముడి చూసి, అక్కడ లోపముందని తెలిసి, ఇష్టమైతే కొంటాడు.

నేను ఏ ఎత్తూ వేయలేదు. నిజంగానే అన్నాను. "ఎందుకు వదినా? నాకే కనబడుతలేదు. ఆ జర్మనీ వాళ్లకేం కనబడుతది?"

"కొన్ననాడు కనబడది. ఇంటికి పోయినంక కనబడితే? మాలు వాపస్ వస్తది, పేరు వాపస్ రాదు."

అని, ముడి సగంలో ఉండగా ఆగిపోయింది. గదిలో ఆమె ఛాతీ కూతలు వినబడుతున్నాయి. ఇద్దరం వాటినే విన్నాం. నేను బట్ట కొస వదలకుండా ఆమెనే చూశాను.

"ఏంది గట్ల చూస్తున్నవ్?"

"ఏం లేదు."

"నోరు మూస్కొని గూడ కొట్లాడుతవ్ నువ్వు." ముడి బిగించింది. "ఆ డాక్టర్ కాగితం సంగతి మీ అన్న చెప్పిండు, రేపు డాక్టర్ కాడికి పోదాం పా. బీమావాళ్లు కాదంటే ఇంట్లనే ఉంట."

డాక్టరు ఆమెతో ఒక గొట్టంలోకి ఊదించాడు. ఇది దమ్మేనని కాగితం మీద రాశాడు. ఇన్నాళ్లూ ఊపిరాడనప్పుడు మాత్రమే నీలిపంపు పీలుస్తూ బతికారు, రోజూ వాడే మందు వేరే ఉందని కోప్పడి అది మొదలుపెట్టించాడు. ప్రయాణం చేయొచ్చని కూడా రాశాడు. పాత పాలసీ రద్దు చేశాం. కొత్తదానిలో 'ఉంది' అన్నచోట వదిన తన వేలే పెట్టింది.

జవాబుకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఆమె మగ్గం ఎక్కలేదు. దించిన సంచిని మళ్లీ అటక మీద పెట్టింది, మళ్లీ దించింది. పెద్దమ్మ మొక్కులో కొబ్బరికాయల సంఖ్య పెంచింది. చివరికి భవాని పేట్ నుంచి ఫోనొచ్చింది. ఒప్పుకున్నారు!

"నా మొక్కే," అంది పెద్దమ్మ.

"డాక్టర్ కాగితం," అన్నాను.

ఈ వాదన ఇంకా తెగలేదు.

వీసా వచ్చింది. వదిన వెళ్లింది, పదిరోజులు నేసింది, బుగ్గలు ఎర్రబడి తిరిగొచ్చింది. మధ్యాహ్నం అరుగు మీద ఆమెదే పేపరు. "గోడలు చానా ఉన్నయ్. పాతయి ఒక్కటి కనబడలే. కాని కొత్తది ఒకటి పెట్టొచ్చిన." నెమలిని కొన్న ముసలామె ఎర్రదారం ఏమిటని అడిగిందట. వదిన తప్పిన పోగు మీద వేలు పెట్టి చూపించి, కత్తెరతో దారం తీసెయ్యబోతే ఆమె చేయి పట్టుకుందట. దారంతోనే కావాలందట.

"మరి బీమా?" అంది పెద్దమ్మ.

"అక్కరే రాలే. నీలిపంపు రెండుసార్లు పీల్చిన, అంతే."

"అయితే పైసలు వాపస్ ఇస్తరా?"

"ఇయ్యరు," అన్నాను.

"చూసిన్రా! నేనింకా కొబ్బరికాయలు కొట్టనే లేదు!"

నవ్వి నవ్వి అరుగంతా దగ్గింది. నేనూ దగ్గాను. వదిన నవ్వడం ఆపి నా వైపు చూసింది. కండె నుంచి ఎర్రదారం తెంపి, దగ్గరికొచ్చి, నా చొక్కా అంచు పట్టుకుంది.

"ఏందిది వదినా?"

"ముప్పై ఏండ్లు గా పవర్లూముల మధ్యల తిరిగినవ్. నీ పిల్లికూతలు ఎవరికి వినబడుతలేవనుకున్నవా? కదలకు."

"చూడుండ్రి, చూడుండ్రి," అని పెద్దమ్మ చేతులు చరిచింది. "దేవుని దారం వద్దన్న మనిషికి దారం కట్టిన్రు!"

నా మణికట్టుకు నేను పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ ఏ దారమూ కట్టనివ్వలేదు. పెళ్లిళ్లలో కూడా పారిపోయాను. ఈ ముడిని మాత్రం విప్పలేదు. మర్నాడు పొద్దున్న ఆ చొక్కాతోనే డాక్టరు దగ్గర వరసలో నిలబడ్డాను. నాకు ముందు నీలం నగర్ కోడలు, ఆమెకు ముందు పెద్దమ్మ. ఇద్దరి కొంగు అంచులకూ ఎర్రదారం ముడులు ఉన్నాయి.