మూరెక్కువాయన

ఆయనకి ఉన్నది ఒక్కటే జబ్బు. ఏది కొలిచినా ఒక మూర ఎక్కువ వదులుతాడు.

ప్యాంటు కుట్టించుకుంటే మూరెక్కువ. మడిచీ మడిచీ కాళ్లకి దిళ్లు కట్టుకున్నట్టు నడిచేవాడు. ఇక కుక్కకి కట్టిన తాడు పొడవుకి, అది పక్కవీధిలో భోంచేసి, ఆ పై వీధిలో కాపురం పెట్టి, చీకటిపడే వేళకి పిల్లలతో సహా ఇల్లు చేరేది. వాళ్లావిణ్ణి అడిగితే, "మాటా మూరెక్కువే. పెళ్లికి 'సరే' అనడానికి గంటన్నర తీసుకున్నాడు మహానుభావుడు" అంటుంది.

అలాంటివాణ్ణి ఏరికోరి ఓ కంపెనీ వైర్లు లాగే పనిలో పెట్టుకుంది!

ఈసారి ఆయన్ని పంపింది ఎక్కడో దూరాన ఉన్న చిన్న ఆఫీసుకి. ఒకే గది, ఒకే బల్ల, ఒకే అమ్మాయి. అక్కడ సర్వర్ పెట్టి హెడ్డాఫీసుతో కలపాలి. ఆ అమ్మాయి మాత్రం సర్వర్ పెట్టెని సవతిని చూసినట్టు చూసింది.

చూడదూ మరి? వాళ్లాయన గూడ్సు రైలు డ్రైవరు. పెళ్లయి పది నెలలైతే, ఇద్దరూ ఒక కప్పు కింద ఉన్నది నెల్లాళ్లు. ఆఫీసు వెనక కిటికీలోంచి చూస్తే రైలు పట్టాలు. రోజు విడిచి రోజు, సరిగ్గా నాలుగింటికి అతని బండి అటే వెళ్తుంది. ఆ రెండు నిమిషాల కోసమే ఈ పిల్ల రెండ్రోజులు బతికేది. సర్వర్ వచ్చాక రోజూ నాలుగు నుంచి నాలుగున్నర దాకా తెర ముందు కూర్చుని లెక్కలు ఒప్పజెప్పాలట. బల్లేమో వీధి తలుపు పక్కన. కిటికీ ఆ చివర.

"ఇది పనిచెయ్యకపోతే వెనక్కి పట్టుకెళ్లిపోతారా బాబాయ్?" అంది ఆశగా.

"నేను పెట్టింది పనిచెయ్యకపోవడమా! ఓసారి వరదలో నా సర్వర్ కొట్టుకుపోతూ కూడా లెక్కలు పంపిందమ్మా."

"కొట్టుకుపోతే వైరు తెగదూ?"

"ఎందుకు తెగుతుంది? మూరెక్కువ వదిలానుగా!"

రెండోరోజు వైరు కొనలు బిగించే పట్టకారు మాయమైంది. నాలుగు కావొచ్చేదాకా గదంతా వెతికాడు పాపం. చివరికి ఆ పిల్లకే మనసొప్పక, తన టిఫిన్ డబ్బాలోంచి తీసి ఇచ్చింది.

"అన్నంలోకి నంజుకుందామనా?" అన్నాడు.

ఆమె జవాబిచ్చేలోపు నాలుగైంది. కూత వినపడింది. కుర్చీ ఓ వైపు, చెప్పులు ఓ వైపు. కిటికీ దగ్గర ఉంది పిల్ల. ఇంజన్లోంచి పసుపు తువ్వాలు ఒకటి ఊగి వెళ్లిపోయింది. వెనక యాభై ఎనిమిది పెట్టెలు. ఆఖరి పెట్టె పోయాక కూడా ఆమె అక్కడే నిలబడింది.

"ఎవరమ్మా?"

"మా ఆయన."

"దిగడా?"

"గూడ్సు ఇక్కడ ఆగదు బాబాయ్."

జన్మలో మొదటిసారి ఆయన బెత్తెడు మాట కూడా ఎక్కువ మాట్లాడలేదు. వెళ్లి మోచేత్తో గోడ కొలవడం మొదలెట్టాడు.

మూడోరోజు సర్వర్ దీపాలు వెలిగాయి, హెడ్డాఫీసు పలికింది. బల్ల కింద మాత్రం ఇంత లావు వైరు చుట్ట, పడుకున్న కొండచిలువలా.

"ఇదేంటి బాబాయ్, కాళ్లకి అడ్డం!"

"అదేమన్నా అన్నం అడుగుతుందా? ఉండనీ తల్లీ" అని బస్సెక్కేశాడు.

మర్నాడు నాలుగింటికి తెరమీద హెడ్డాఫీసు మేనేజరు. వెనక కూత. ఆమె మెడ దానంతటదే తిరిగింది.

"అటెక్కడికమ్మా చూపు? లెక్క చెప్పు."

లెక్క చెప్పింది. పెట్టెలు మాత్రం చెవులతో లెక్కపెట్టుకుంది. యాభై ఎనిమిది. ఉక్రోషం పట్టలేక బల్ల కింద చుట్టని ఒక్క తన్ను తన్నింది. చుట్ట విప్పుకుంది. లాగితే వచ్చింది. ఇంకా లాగితే ఇంకా వచ్చింది. ఆమె వైరు వంక చూసింది, కిటికీ వంక చూసింది. వంగి కరెంటు వైరు చూస్తే, దానిదీ అదే వరస!

రెండ్రోజుల తర్వాత బల్ల కిటికీ పక్కన ఉంది.

"కుడిచెయ్యి కనపడదేం?" అన్నాడు మేనేజరు.

"రాసుకుంటున్నానండీ" అంది, ఆ చెయ్యి కిటికీ బయట పెట్టి ఊపుతూ. అవతల పసుపు తువ్వాలు ఆనందం పట్టలేక ఇంజన్లోంచి ఎగిరిపోయినంత పని చేసింది.

ఆ సాయంత్రమే మూరెక్కువాయనకి ఫోన్ చేసింది. థాంక్స్ చెబుదామనే చేసింది. తీరా ఆయన పలికాక నోటికొచ్చింది అడిగేసింది.

"బాబాయ్, కిటికీ దాకా లాగినా ఇంకా మూర మిగిలిందేంటి?"

"ఉంచమ్మా. రేపెప్పుడైనా రైల్వేవాళ్లు పట్టాలు ఇంకాస్త అవతలికి జరిపితేనో?"