ప్లగ్గు అప్పుడే పీకొద్దు

మా ఫిజిక్స్ మేడమ్ ఇక లేరన్న సంగతి నాకు కాలేజీ లాంగ్ బెల్లు చెప్పింది. మా నరసరావుపేట కాలేజీలో పనిచేసే వాళ్ళెవరైనా పోతే లాంగ్ బెల్లు కొట్టి సెలవిస్తారు. నేను అప్పుడు క్లాసులో కెమిస్ట్రీ చెబుతున్నాను. సెలవన్న సంతోషంలో పిల్లలు కేకలేశారు. వరండాలోకి వస్తే అటెండరు కళ్ళు తుడుచుకుంటున్నాడు. "మేడమ్ గారు పోయారు సార్. తెల్లారగట్ట గుండెనొప్పి వచ్చిందంట. ఆస్పత్రికి తీసకపోయేలోపే అయిపోయిందంట" అన్నాడు.

పిల్లల మీద నాకు కోపం రాలేదు. వాళ్ళకు తెలియదు. నా కోపమంతా తెలిసిన వాళ్ళ మీద. ఆమె బతికున్నన్నాళ్ళూ చేతులు కట్టేసి, పోయాక సంతాపసభ పెట్టి ఆకాశానికెత్తిన వాళ్ళ మీద. మర్యాద కోసం ఊరుకుందామనుకున్నాను గానీ నావల్ల కాలేదు.

మేడమ్ వాళ్ళ నాన్నకు సత్తెనపల్లి రోడ్డులో డీజిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉండేది. ఇంజన్ల చప్పుడు వింటూ పెరిగిన మనిషి కాబట్టి ఆమెకు మిషనంటే భయం లేదు, భక్తీ లేదు. హ్యాండుబ్యాగులో సోంపు డబ్బీ, దాని పక్కనే స్క్రూడ్రైవరు ఉండేవి. ల్యాబులో ఏది మొరాయించినా కొంగు నడుముకు దోపి, "ఏందమ్మా నీ బాధ?" అని ముందు దాన్నే పలకరించేవారు. ఆ తర్వాతే మూత విప్పేవారు. నన్ను క్లాసుల దగ్గర సార్ అనేవారు, టీ దగ్గర తమ్ముడూ అనేవారు.

చాలా ఏళ్ళ కిందట మా కాలేజీకి ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ వచ్చింది. పైన అద్దం, లోపల బల్బు ఉన్న పెట్టె అది. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద రాసి ఆ అద్దం మీద పెడితే, రాసింది గోడ మీద పెద్దగా పడుతుంది. యూనివర్సిటీ వాళ్ళు వేసవిలో మేడమ్‌ను పిలిచి శిక్షణ ఇచ్చారు. పల్నాడులోని మిగతా కాలేజీల లెక్చరర్లకు ఆమె నేర్పాలని చెప్పి పంపారు. అలా శనివారం మధ్యాహ్నాలు మా పెద్దహాల్లో క్లాసులు మొదలయ్యాయి. మాచర్ల, గురజాల నుంచి కూడా లెక్చరర్లు వచ్చేవారు.

మొదటి శనివారం మా ఎకనామిక్స్ సీనియర్ గారు డిమాండు రేఖ గీసిన షీటు పెట్టి, సరిగ్గా వెలుతురుకు అడ్డంగా నిలబడి ఉపన్యాసం ఎత్తుకున్నారు. రేఖ గోడ మీద పడకుండా ఆయన తెల్లచొక్కా మీద పడింది. "సార్, డిమాండు మీ పొట్ట మీద పడిపోతంది, రవ్వంత పక్కకి జరగండి" అన్నారు మేడమ్. ఆయనతో సహా అందరం నవ్వాం. హిస్టరీ ఆయన తన నోట్సంతా షీటు మీదికి ఎక్కించి పైనుంచి కిందిదాకా చదివేశారు. మేడమ్ ఓపిగ్గా విని, "పిల్లలకి కళ్ళున్నయ్యి సార్, వాళ్ళూ చదువుకుంటారు. మరి మీరేం చేస్తారు?" అని అడిగారు.

తర్వాత ఆమె చేసి చూపించారు. అద్దం మీద అయస్కాంతం పెట్టి, దాని మీద షీటు పరిచి, నాన్నగారి షెడ్డు నుంచి తెచ్చిన ఇనుప రజను చల్లి వేలితో చిన్నగా తట్టారు. గోడ మీద రజను దానంతటదే వంపులు తిరిగి వరసలు కట్టింది. మాచర్ల ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అందరం నోళ్ళు తెరుచుకుని చూస్తుండగానే మేడమ్ టక్కున లైటు ఆర్పేశారు.

"ఇప్పుడు చెప్పండి, అది అట్టా ఎందుకు నిలబడింది? లైటు ఉన్నంతసేపూ చూస్తానే ఉంటారు. పాఠం మొదలయ్యేది లైటు ఆర్పినాకే" అన్నారు.

అంతలో ఎకనామిక్స్ ఆయన పని అయిపోయిందనుకుని ప్లగ్గు పీకబోతే మేడమ్ చెయ్యి అడ్డం పెట్టారు. "ఆగండి సార్. లైటు ఆరినా లోపల ఫ్యాను తిరుగుద్ది. వేడి దిగినాక అదే ఆగుద్ది. ప్లగ్గు అప్పుడే పీకొద్దు."

ఆ క్లాసులు ఆ కొద్ది వారాలే. కాలేజీకి ఇన్‌స్పెక్షన్ వస్తోందని, మిషను కొత్తగా కనపడాలని కరస్పాండెంట్ గారు దాన్ని తన గదిలో పెట్టి తాళం వేయించారు. ఇన్‌స్పెక్షన్ అయిపోయింది, తాళం మాత్రం రాలేదు. అది తెలియక మాచర్ల, గురజాల వాళ్ళు పస్తుతో బస్సు దిగి వస్తే గేటు దగ్గర నుంచే వెనక్కి పంపారు. అప్పుడు కరస్పాండెంట్ గారి గదికి మేడమ్ వెళ్తే నేనూ వెంట వెళ్ళాను. దసరాకు పెట్టిన పసుపు, కుంకుమ ఇంకా ఆ మిషను మీదే ఉన్నాయి.

"అద్దం పగిలితే ఎవురిది పూచీ?" అన్నారాయన. "పాఠాలు చెప్పుకోమ్మా, మెకానిక్కు పనులు నీకెందుకు?"

"మెకానిక్కు కూతుర్నే సార్" అన్నారు మేడమ్. "మా నాయన కూడా దసరాకి స్పానర్లు కడిగి బొట్లు పెట్టిచ్చేవోడు. మర్నాడు వాటితోనే పని చేసేవోడు."

ఆయన పైన తిరిగే ఫ్యాను వైపు చూశారు గానీ ఆమె వైపు చూడలేదు. కొన్నాళ్ళకు, శిక్షణ పూర్తయిందని సంతకం పెట్టమని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. "ఎవురూ నేర్చుకోకుండా పూర్తయిందని ఎట్టా పెడతాను?" అని మేడమ్ తిప్పి పంపేశారు. మిగతా వాళ్ళంతా నేర్చుకున్నామని నిక్షేపంగా సంతకాలు చేశారు. ఆ ఏడు డిపార్ట్‌మెంట్ హెడ్ పదవి ఆమెకు రావాల్సింది. ఆమె కంటే చిన్నవాడికి ఇచ్చారు. అయినా ఆమె ప్రతి శనివారం మధ్యాహ్నం తప్పకుండా ఆఫీసు గుమ్మంలో నిలబడి, "ఈ వారం తాళం ఇస్తారా?" అని అడిగేవారు. స్టాఫ్‌రూములో అదొక జోకు అయిపోయింది. శనివారం వస్తే, "మేడమ్ తాళానికి బయల్దేరింది" అని నవ్వుకునేవారు. ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. చనిపోయే ముందు శనివారం కూడా ఆమె అడిగారు.

సంతాపసభ రోజున హాల్లోకి అడుగుపెట్టేసరికి వేదిక మీద ఆ మిషను ఉంది. ఆమె ఎన్నేళ్ళు అడిగినా బయటికి రానిది, ఆమె పోయాక వచ్చింది. దండ కూడా వేశారు. కిటికీలు మూశారు. నేర్చుకున్నానని సంతకం పెట్టిన ఎకనామిక్స్ ఆయనే ముందుకొచ్చి షీటు పెట్టి స్విచ్చి వేశారు. గోడ మీద మేడమ్ పేరు అద్దంలో చూసినట్టు తిరగబడి, మసకమసకగా పడింది. ఎవరికీ సరిచెయ్యడం చేతకాలేదు. ఆ తిరగబడ్డ పేరు కిందే నిలబడి కరస్పాండెంట్ గారు, మా కాలేజీకి ఆధునిక బోధన నేర్పిన మహనీయురాలని చదవడం మొదలుపెట్టారు.

నేను లేచి వేదిక ఎక్కాను. షీటు తిరగేసి, మసక పోయేలా పక్కనున్న మర తిప్పాను. మేడమ్ పేరు తిన్నగా, స్పష్టంగా గోడ మీద నిలిచింది. హాలంతా దాన్ని చూసేదాకా ఆగి, లైటు ఆర్పేశాను.

"ఇప్పుడు చెప్పండి సార్" అన్నాను. "మేడమ్ మీకు ఏం నేర్పారు?"

ఆ చీకట్లో ఆయన చేతిలో కాగితం కదిలిన చప్పుడు వినిపించింది. ఇక చాలన్నట్టు ఎవరో ప్లగ్గు మీద చెయ్యి వేశారు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"అప్పుడే పీకొద్దు" అన్నాను.

అందరూ అలాగే కూర్చున్నారు. లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది.