ఆ కరపత్రం కంపోజ్ చేసింది నేనే

మొన్న బాపట్ల బస్టాండులో ఎవరో చేతిలో ఒక కరపత్రం పెట్టి వెళ్ళారు. ఏదో ట్యూషన్ సెంటరుది. ఇంకా ఆరని ఆ సిరా వాసన ముక్కుకు తగలగానే తెనాలిలో కోటేశ్వరరావు గారి ప్రెస్సు గుర్తొచ్చింది. డిగ్రీ అయ్యాక ఆరేళ్ళు అక్కడే కంపోజింగ్ చేశాను. తెలుగు తప్పుల్లేకుండా రాయడం నేర్పింది ఆయనే.

ఆయన ఎవరి నోరూ నొక్కే మనిషి కాదు. ఒకసారి మురుగుకాలవ గొడవలో ఎదురింటాయన ఆయన్నే తిడుతూ కరపత్రం రాసి, అచ్చుకు మా దగ్గరికే తెచ్చాడు. నేను తిప్పి పంపబోతే వద్దన్నారు. తనను 'స్వార్థపరుడు' అన్నచోట అక్షరం తప్పు దిద్ది మరీ వేయించారు.

కొన్నాళ్ళకు మా పెద్దమ్మ కొడుకు శ్రీను రేపల్లె నుంచి ఒక కాగితం తెచ్చాడు. అక్కడొక రైసుమిల్లులో దొంగతనం జరిగింది. దొంగ దొరకలేదు. వేరే రాష్ట్రం నుంచి మిల్లు పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాల మీద అనుమానం పడింది. వాళ్ళ పుట్టుకే దొంగ పుట్టుకని, వాళ్ళకు ఇళ్ళు అద్దెకివ్వొద్దని, వాళ్ళ దగ్గర ఏదీ కొనొద్దని అందులో ఉంది. కోటేశ్వరరావు గారు చదివి, వెయ్యనని తిరిగిచ్చేశారు.

శ్రీను బయటికి వెళ్ళాక నేను ఉక్రోషంగా అడిగాను. "మిమ్మల్ని తిడితే వేశారు కదండి. దీనికేమైంది?"

"ఆయన నేను చేసిన పనిని తిట్టాడమ్మా. దానికి నేను జవాబు చెప్పుకోగలను. పుట్టినందుకు వీళ్ళేం జవాబు చెప్తారు? ఇది చదివాక వాళ్ళని ఊళ్ళో బతకనిస్తారా?"

చాదస్తమనుకున్నాను. ఆయన మధ్యాహ్నం భోజనానికి వెళ్ళగానే ఆ కాగితం మళ్ళీ తెప్పించుకుని, అదంతా కంపోజ్ చేసి, శ్రీనుకు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి పంపాను. అన్నయ్య మాట కాదనలేక చేశానని తర్వాత చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. నిజం అది కాదు. అందులో రాసింది నేనూ కొంత నమ్మాను.

అది ఇంకెక్కడో అచ్చయింది. రేపల్లె అంతా పంచారు. వారం తిరక్కుండానే, ఆ కుటుంబాల్లో ఇడ్లీబండి పెట్టుకుని బతికే ఒకావిడ బండిని కాలవలోకి తోసేశారు. అద్దెకిచ్చిన ఇంటివాళ్ళు ఖాళీ చెయ్యమన్నారు.

ఆ కరపత్రం కోటేశ్వరరావు గారి దాకా వచ్చింది. దాన్ని పట్టుకుని నా బల్ల దగ్గర నిలబడ్డారు.

"ఒక్క తప్పు కూడా లేదమ్మా," అన్నారు.



ఆ ఆదివారం ఆయన రైలెక్కి రేపల్లె వెళ్ళారు. నన్ను రమ్మనలేదు. ఇడ్లీబండి ఆవిడ అప్పటికే పిల్లల్ని తీసుకుని ఊరు వదిలి వెళ్ళిపోయిందని మర్నాడు ఎవరితోనో చెబుతుంటే విన్నాను. తర్వాత ఇంకో మూడేళ్ళు పనిచేశాను. ఆయన నన్ను తీసెయ్యలేదు, తిట్టలేదు. కానీ భోజనానికి వెళ్ళేటప్పుడు, నన్ను కూడా లేపి, ప్రెస్సుకు తాళం వేసి వెళ్ళడం మొదలుపెట్టారు. క్షమించమని అడుగుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. అడగకముందే ఆయన పోయారు.

ఇప్పుడు బాపట్లలో నాకో చిన్న డీటీపీ షాపుంది. అలాంటి కాగితాలు అప్పుడప్పుడు వస్తూనే ఉంటాయి. మా సారు చెప్పిన జవాబే చెప్పి తిప్పి పంపుతాను. మంచిదాన్నని చూసేవాళ్ళు అనుకోవచ్చు. ఆ ఇడ్లీబండి ఆవిడ పుట్టుక గురించి అన్ని మాటలు పొందిగ్గా పేర్చినదాన్ని, ఆవిడ పేరేంటో నాకు ఈనాటికీ తెలియదు.