చెయ్యి మారిన గీత

యుద్ధకాలంలో నేను బెంగళూరు పేటలో ఒక నేతగాడి ఇంట్లో మేడమీది గదిలో అద్దెకుండేవాణ్ణి. పత్రికలో ఉద్యోగం. ఇతరులు రాసిన వార్తల్లో అక్కర్లేని మాటలు కొట్టేయడమే నా పని. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేది.

నూలు ధర పెరిగి మగ్గం సరిగా ఆడని రోజుల్లో ఆ నేతగాడు పటాలంలో చేరి మలయా వెళ్లాడు. కొన్నాళ్లకు ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చింది. భార్య దాన్ని నా చేతికిచ్చింది. కనబడటం లేదు, మరణించి ఉండవచ్చునని భావిస్తున్నాము అని అందులో ఉంది. నేను చదివి, "పోయినాడంటమ్మా" అన్నాను. ఉండవచ్చు, భావిస్తున్నాము అన్నవి ఆఫీసు మర్యాదకు రాసే మాటలని నా అనుభవం. వాటిని కొట్టేశాను.

దొడ్డబళ్ళాపురం నుంచి నేతగాడి పెదనాయన వచ్చాడు. శవం లేదు గనుక దర్భలతో బొమ్మ చేసి కాల్చారు. ఆమె మెడలో తాళి తీశారు. మూడొంతులు నేసిన చీర మగ్గం మీదే ఉంది. కోసేయమన్నారు. ఆమె కోయలేదు. పడుగు మీద పాత దుప్పటి కప్పి, వారానికోసారి దుమ్ము దులుపుకుంటూ వచ్చింది.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు నేతగాడు తిరిగివచ్చాడు. జపానువాళ్ల ఖైదులో ఉన్నాడట. మనిషి సగమయ్యాడు. పళ్లు చాలా పోయాయి. పొరుగువాళ్ల పేర్లు కొన్ని గుర్తులేవు. ఆమె తలుపు తీసి చాలాసేపు చూసి, కాళ్లకు నీళ్లిచ్చింది. నేను కిందికి దిగి నా తప్పు చెప్పుకున్నాను.

"పోనీ, బిడప్పా పేపరయ్యా. కొన్ని దినాలు నేనే సచ్చిపోయినాననుకుంటి," అన్నాడు.

మర్నాడు పెదనాయన దిగాడు. కర్మ జరిగిపోయినవాడు తిరిగివస్తే వాణ్ణి అప్పుడే పుట్టిన బిడ్డగా ఎంచాలని వాళ్లలో ఆచారం. పురుడు మొదలు అన్నీ జరిపి, కొత్త పేరు పెట్టి, ఆ తర్వాతే భార్యకు మళ్లీ తాళి కట్టించాలి. అంతవరకు ఆమె విధవ, అతను పరాయివాడు. పడక వసారాలో.

"సచ్చినోడు సచ్చినాడప్పా. నువ్వు మళ్లీ పుట్టల్ల," అన్నాడు పెదనాయన.

"నన్ను కాల్చినారంట గదా. నాకు సుర్రుమనలేదే పెదనాయనా."

"ఎగతాళి వద్దు."

"పుట్టేదానికి నాకేం. పళ్లు కూడా లేవు, బిడ్డ మాదిరే ఉండా. కొత్తగా పుట్టినోడికి ఆయమ్మ ఏమయితాది? అది చెప్పు."

అతని ఇబ్బంది అదే. వేరే మనిషినని ఒప్పుకుంటేనే భార్య దక్కుతుంది. ఒప్పుకుంటే ఆమెతో గడిపిన ఏళ్లు తనవి కావు.

తలుపు వెనక నుంచి ఆమె అంది: "పెద్దమామా, మగ్గం మీద చీర ఉండాది. ఆయప్పను ముగించనీ. చెయ్యి మారితే గుడ్డే చెప్తాదని నువ్వే అంటావు గదా."

నిజంగా అది పెదనాయన మాటే. ఒకరు వదిలిన చీరను ఇంకొకరు నేస్తే పోగును బిగించే పలకదెబ్బలో తేడా వచ్చి అడ్డంగా ఒక గీత తేలుతుంది. అంగడికి సరుకు ఏరేటప్పుడు అలాంటి చీరలను ఆయన బొటనవేలితో తడిమి పట్టుకుని పక్కన పడేసేవాడు. గీత లేకపోతే పాత మనిషే, సరేనన్నాడు.

రెండు రోజుల పని ఎనిమిది రోజులు పట్టింది. ఆఫీసుకు పోతూ వస్తూ మగ్గం చప్పుడు వినేవాణ్ణి. తాళం పాతదే. దెబ్బ మాత్రం మెత్తబడింది.

చీర కోసి పరిచారు. పెదనాయన వేలు ఒకచోట ఆగింది.

"గీత ఉండాది."

నాకూ కనబడింది. నేతగాడు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆమె లోపలికి వెళ్లి ఒక పాత చీర తెచ్చి ముందు పెట్టింది. వేలు దాని మీద కూడా సగంలో ఆగింది.

"ఇదెవురు నేసింది?"

"ఆయప్పే. మా పెండ్లయిన ఏడు, సగం నేసినంక విషజ్వరం పడి, ఇరవై దినాలు పండుకొని లేసి మిగతాది నేసింది. అంగడికి పనికిరాదని నువ్వు ఊరికే తోసేస్తివి. నేను కట్టుకుంటి. అప్పుడు మళ్లీ పుట్టమని ఎవురూ అనలేదే మామా."

పెదనాయన రెండు గీతల మీదా మార్చి మార్చి వేలు పోనిచ్చాడు. మనిషి నిన్నటివాడే అనడానికి శరీరం ఆధారమా, జ్ఞాపకమా అని పండితులు వాదించుకోవడం నేను తర్వాత పుస్తకాల్లో చదివాను. ఈ మనిషి శరీరం సగం పోయింది, జ్ఞాపకంలో కంతలున్నాయి. నేను చదివిన మేరకు, జ్వరం నుంచి లేచినవాడి చీర సంగతి వాళ్లెవరూ ఎత్తలేదు.

"పుట్టేది వద్దులే," అన్నాడు పెదనాయన చివరికి. "తాళి మాత్రం కట్టల్ల. తీసింది మనమే గదా."

"పేరు?" అన్నాడు నేతగాడు.

"ఉండేదే ఉండనీ."

తాళి కట్టిన రోజు ఆమె మగ్గం దిగిన ఆ చీరే కట్టుకుంది. గీత కుచ్చిళ్లలో పడిందో పైటలో పడిందో, నేను కూర్చున్న చోటికి కనబడలేదు.