బాగుందా అని అవ్వ అడగలేదు

పందుల బాధ పడలేక మా ఇంట్లో కొత్త తుపాకి కొనాలనుకున్నది నా చిన్నప్పుడు, నేను ఆరో తరగతి చదువుతుండగా. మాది పలమనేరు పక్కన, అడవిని ఆనుకుని ఉన్న ఊరు. శెనక్కాయ చేలో కాయ ఊరే సమయానికి అడవిపందులు గుంపుగా దిగేవి. తెల్లారేసరికి అర ఎకరం దున్నిపెట్టి పోయేవి. గాల్లో పేల్చి వాటిని బెదరగొట్టడానికి అప్పట్లో కొందరు రైతులకు తుపాకి లైసెన్సులు ఉండేవి. మా తాతకూ ఒకటి ఉండేది. ఆయన పోయాక లైసెన్సు మా అవ్వ పేరుకు మారింది. అవ్వంటే మా నాయన తల్లి. లైసెన్సు ఆమెది, పేల్చే చేయి మాత్రం నాయనది. తాత తుపాకి గొట్టం ఉబ్బింది, ఇక దాంట్లో తూటా పెట్టొద్దని చిత్తూరు తుపాకుల షాపులో చెప్పేసరికి కొత్తది కొనక తప్పలేదు.

మా అవ్వ అక్షరం ముక్క రాని మనిషి. పాడి ఆవును కొనాలంటే మాత్రం నాలుగూళ్ల వాళ్లు ఆమెను వెంటబెట్టుకుని పోయేవారు. ఆవును చూసేముందు ఆమె అమ్మేవాళ్ల పక్కింటికి పోయి మజ్జిగ అడిగి తాగేది, కబుర్లు చెప్పేది. తరువాతే బేరం. నోరు మాత్రం మిరపకాయ. నాకూ ఆ నోరే వచ్చిందని మా ఆయన అంటుంటాడు, అననీ.

చిత్తూరు తుపాకుల షాపుకి నాయన, అవ్వ, నేను ముగ్గురం పోయాం. షాపాయన నా చేతికి ఒక రంగుల పుస్తకం ఇచ్చాడు. అదేదో కొత్త కంపెనీ వాళ్లది. పేజీ తిప్పితే ఒక తుపాకి, మళ్లీ తిప్పితే ఇంకొకటి, మొత్తం పద్నాలుగు రకాలు. అందులో ఒకదాని మీద పరుగెత్తే జింకను చెక్కారు. నేను ఆ జింక దగ్గరే ఆగిపోయాను. పాత కంపెనీ వాళ్లవి రెండంటే రెండే రకాలు. నల్లగా, మొద్దుగా, రోకలిబండకు గొట్టం తగిలించినట్టు ఉన్నాయి. పైగా అవి కావాలంటే రెండు మూడు నెలలు ఆగాలట. కొత్తవైతే ఆ రోజే తీసుకుపోవచ్చు.

"కొత్త కంపెనీకి శానా మంచి పేరమ్మా," అన్నాడు షాపాయన.

"ఆ పేరు పెట్టినోళ్లు ఎవురప్పా? కొన్నోళ్లా, అమ్మేటోళ్లా?" అని అడిగింది అవ్వ. ఆయన నవ్వి, నా చేతిలోని పుస్తకంలో ఇంకో పేజీ తిప్పాడు.

బయటికి వచ్చాక నాయన పట్టుపట్టాడు. కాయ ఊరుతోంది, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడని. అవ్వ ఒకటే మాట అంది. "గోడలకి సున్నం కొట్టి గుర్తులు రాస్తావుండారు సూడు. ఎలచ్చన్లు రానీ, అప్పుడు కొందాం."

తుపాకి కొనడానికీ ఎలక్షన్లకీ ఏం సంబంధమో మాకెవ్వరికీ అర్థం కాలేదు. తాత పోయిన దిగులుతో ముసలామెకు మతి తప్పిందని మా అమ్మ చాటుగా అంది. నాయన చేలో మంచె మీద కూర్చుని డబ్బాలు వాయించి గొంతు పోగొట్టుకున్నాడు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, తాను చిత్తూరు పోయి జింక తుపాకిని మనకోసం తీసిపెట్టమని చెప్పి వచ్చానని, ఎలక్షన్లు వచ్చి తాత తుపాకిని స్టేషన్లో ఇచ్చేసిన మర్నాడే పోయి డబ్బు కట్టేస్తానని చెప్పాడు. "అవ్వకి సెప్పొద్దు పాపా," అన్నాడు. ఎందుకు చెప్తాను! జింక మా ఇంటికి వస్తోంది. నోరు కుట్టేసుకున్నాను.

ఎలక్షన్లు ప్రకటించారు. ఎలక్షన్లు అయ్యేదాకా లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పజెప్పాలి, ఇప్పటికీ అంతే. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి దగ్గర ఏ తుపాకి ఉన్నా, ఆ రెండు మూడు రోజుల్లో అక్కడికి రావలసిందే. మా పాత తుపాకినీ ఇవ్వాలి కాబట్టి ముగ్గురం పోయాం. వరండా నిండా భుజాన తుపాకులు పెట్టుకుని జనం వరసలో కూర్చున్నారు. అప్పుడు తెలిసింది అవ్వ దేనికోసం ఆగిందో. చిత్తూరు షాపులో కొత్తవే ఉంటాయి. ఇక్కడ కొత్తవీ పాతవీ, మెరిసేవీ తుప్పుపట్టినవీ, అన్ని కంపెనీలవీ యజమానులతో సహా ఒకేచోట కూర్చుని ఉన్నాయి.

నాయన టీ తాగడానికి పోయాడు. అవ్వ నన్ను పక్కన పెట్టుకుని వరస వెంబడి కదిలింది. తుపాకి మీద చెక్కిన కంపెనీ పేరు చదవడం నా పని. అడగడం ఆమె పని. అడిగింది రెండే. కొని ఎన్నేళ్లయింది? ఇంతవరకూ ఏం చెడిపోయింది? బాగుందా అని మాత్రం ఒక్కరినీ అడగలేదు. నేనే ఉండబట్టలేక, ఎందుకు అడగవని గొణిగాను.

"తిక్కదానా, అల్లుడు బాగుండాడా అంటే ఎవురైనా బాగలేదంటారా? తాను తెచ్చుకున్న దాన్ని తానే తిట్టుకుంటారా?"

కానీ ఆ వరసలో తిట్టేవాళ్లు కనిపించారు. పాత కంపెనీ తుపాకులున్న వాళ్లందరూ తిట్టేవాళ్లే. బరువు మోయలేక భుజం పోయిందని ఒకాయన, పేలిస్తే చెవులు దిబ్బడేస్తాయని ఇంకొకాయన. ఒక ముసలాయన ఇరవై ఏళ్ల కిందట కొన్నానని చెప్పి, లోపల తూటాను కొట్టే పిన్ను ఒకసారి విరిగిందని, చిత్తూరు పోతే ఆ రోజే అదే పిన్ను వేసి ఇచ్చారని విసుక్కుంటూ చెప్పాడు. విసుగు పిన్ను మీద కాదు, బస్సులో సీటు దొరకనందుకు. కొత్త కంపెనీవి మూడు కనిపించాయి. ముగ్గురూ మెచ్చుకున్నారు. ముగ్గురూ కొని రెండేళ్లు కూడా కాలేదు. వాటిలో ఒకదాన్ని, వెంట తెచ్చుకున్న నా రంగుల పుస్తకంలో వెతికాను. ఎంత తిప్పినా దొరకలేదు. దాన్ని చేయడం మానేశారని, ఈ ఏడు వేరే రకాలు వచ్చాయని ఆయనే గర్వంగా చెప్పాడు.

"సూసినావా అవ్వా, పాతదాన్ని అందరూ తిడతాండారు, కొత్తదాన్ని అందరూ మెచ్చుకుంటాండారు," అన్నాను ఎగిరి గంతేసినంత పని చేసి.

"బరువని తిట్టినారు, సప్పుడని తిట్టినారు. పేల్లేదని ఎవురన్నా తిట్టినారా? పద్నాలుగు రకాలంట! కొన్న మర్సటేడే దాన్ని చేయడం మానేస్తే, రేపు పిన్ను ఇరిగితే యాడికి పోయేది?" అంది అవ్వ. నా ముఖం మాడిపోయింది.

ఆ ముగ్గురిలో ఒకాయన పొరుగూరి రైతు. మిగిలిన ఇద్దరూ ఆయన బంధువులే. "బంగారంలాంటి తుపాకి పెద్దమ్మా," అన్నాడు అవ్వతో, అందరికన్నా గట్టిగా. ఆయన కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. కానిస్టేబుల్ సంతకం చేయమంటే పెన్ను ఎడమచేత్తో తీసుకుని కోడి గీకినట్టు గీకాడు. చేతికేమైందని అవ్వ అడిగితే, గడ్డి కోస్తుంటే కొడవలి తగిలి తెగిందన్నాడు.

అవ్వ వరండా చివర ఆయన పక్కన చతికిలబడి, తమలపాకుల సంచి విప్పి, ఒక ఆకు ఆయనకు ఇచ్చింది. పక్కనున్న నాకు తప్ప ఎవరికీ వినపడకుండా మెల్లగా అడిగింది.

"కొడవలి పట్టేది కుడిచేత్తో కదప్పా. తెగితే కసువు పట్టిన ఎడమచేయి తెగల్ల. కుడిచేయి ఎట్ల తెగింది?"

ఆ మనిషి ఆకు నోట్లో పెట్టుకోలేదు. చేతిలోనే పట్టుకుని జరిగింది చెప్పాడు. ఆ తుపాకి నడుమ మడిచి తూటా పెట్టేది. ఆ మడత దగ్గరి బిగింపు వదులైపోయింది. నెల కిందట పేల్చినప్పుడు నడుమ తెరుచుకుని మంట వెనక్కి తన్నింది. బొటనవేలు, చూపుడువేలు పోయాయి. ఆసుపత్రిలో కూడా కొడవలి అనే చెప్పాడట.

"ఆ ఇద్దురికీ నేనే మెచ్చి కొనిపించినా పెద్దమ్మా. ఇప్పుడు ఏ మొగం పెట్టుకోని సెప్పేది?" అన్నాడు. అంత పెద్ద మనిషి గొంతు చిన్నపిల్లాడిలా అయిపోయింది.

"మొగానిదేముంది నాయనా, రెండు దినాలు ఎత్తుకోలేవు, మూడోదినం ఎత్తుకుంటావు. వాళ్ల వేలు పోతే మల్లా మొలుస్తాదా?"

జింక మీద ఆశతో నేనూ నోరు కుట్టుకునే ఉన్నాను కదా! అక్కడే ఏడ్చేశాను. "అవ్వా, నాయన కూడా ఆ కంపెనీదే తీసిపెట్టమని సెప్పినాడు, రేపే పోయి డబ్బు కట్టేస్తాడు," అని మొత్తం కక్కేశాను. అవ్వ నన్ను తిట్టలేదు. పోయి నాయనను పిలుచుకు రమ్మంది. ఆయన రాగానే ఆ మనిషిని అడిగింది. "ఒక్కసారి ఆ తువ్వాలు ఇప్పి నా కొడుక్కి సూపించప్పా. నేను సెప్తే ఇనడు."

ఆయన విప్పాడు. నాయన చూశాడు. చూసి, తన కుడిచేతిని ఎందుకో పంచెకు తుడుచుకున్నాడు. ఆ తరువాత మా ఇంట్లో కొత్త కంపెనీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ మనిషి లేచి, తువ్వాలు చుట్టుకోకుండానే పోయి ఆ ఇద్దరి ముందు నిలబడ్డాడు. ఒకాయన స్టేషన్ అని కూడా చూడకుండా చొక్కా పట్టుకున్నాడు. రెండో ఆయన తన తుపాకి మీది నుంచి చేయి తీసేసి, దాన్ని అక్కడే పెట్టి దూరంగా పోయి కూర్చున్నాడు.

మేం పాత కంపెనీదే కొన్నాం. ఎలక్షన్లు అయిపోయి, అది చేతికి వచ్చేసరికి ఆ ఏడు శెనక్కాయలో సగం పైన పందులే తిన్నాయి. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. అవ్వ మాత్రం తప్పు తనదని ఒప్పుకోలేదు. చేను మళ్లీ ఏడు పండుతుందిలే అంది. రోకలిబండలాంటి ఆ తుపాకి మోసి మోసి నాయన భుజం నొప్పని ముప్పై ఏళ్లు తిట్టాడు. అది పేలకపోవడం అనేది మేం ఎప్పుడూ చూడలేదు.

ఇప్పుడు మేం తిరుపతిలో ఉంటున్నాం. మొన్న మా మనవడు కరెంటు బండి కొంటానని, ఫోన్‌లో జనం దానికెన్ని చుక్కలు ఇచ్చి మెచ్చుకున్నారో చూపించాడు. అలిపిరి పోయే దారిలో మెకానిక్ షెడ్డు ఉంది, అక్కడ పొద్దుటినుంచి నిలబడు, వచ్చినవాళ్లను రెండే అడుగు అన్నాను. వాడు నవ్వాడు గానీ పోయాడు. నేను మెచ్చి నలుగురి చేత కొనిపించిన నీళ్లు వడగట్టే మిషన్ ఆరు నెలలకే పాడైతే, ఆ సాయంత్రమే నాలుగిళ్లకూ పోయి నాది పాడైంది, మీవి చూసుకోండి అని చెప్పొచ్చాను. ఒకామె ఇప్పటికీ నాతో మాట్లాడదు. మాట్లాడకపోతే పోనీ.

మా నాయన మాతోనే ఉన్నాడు. తొంభైకి దగ్గర పడ్డాడు, చెవులు సరిగ్గా వినపడవు. మధ్యాహ్నం సంగటి ముద్ద పెడితే బొటనవేలితో మధ్యలో గుంట చేసి పులుసు పోయించుకుంటాడు. ఒక ముద్ద మింగి, ఉప్పు తక్కువైందని చూపుడువేలు నా ముఖం మీదికి ఆడించి తిడతాడు. తిట్టనీ. వేలుంది కదా.